బీఫ్ స్టిర్ ఫ్రైలో నీళ్లు ఊరి, ముక్క సాగుతుంటే

అరకిలో బీఫ్ ఒకేసారి పాన్‌లో వేశానని, నీళ్లు ఊరి ముక్క రబ్బరులా సాగిందని రాశారు కదా, అసలు ఇబ్బంది అక్కడే అండి. అంత మాంసం ఒక్కసారే పడితే పాన్ వేడి దిగిపోతుంది, ఇక ముక్క వేగదు, తన నీళ్లలో తానే ఉడుకుతుంది.

ఫ్లాంక్ స్టేక్ (పొట్ట కింది వైపు మాంసం) తెచ్చుకుని అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి, కాస్త గట్టిపడ్డాక పీచుకు అడ్డంగా పల్చగా కోయండి. పీచు వెంబడి కోస్తే ఎంత వేయించినా సాగుతుంది, ఇది మాత్రం మర్చిపోకండి. తడి బాగా అద్దేసి, పాన్ పొగలొచ్చేంత కాలాక అవకాడో నూనె వేసి, మూడు వాయిలుగా, ఒక్కో వాయి రెండు నిమిషాలే వేయించి పక్కకి తీయండి.

తర్వాత బ్రోకలీ, క్యాప్సికం కరకరలాడేలా వేయించండి. మష్రూమ్స్ విడిగానే, అవీ నీళ్లు వదులుతాయి. చివర్లో అల్లం, వెల్లుల్లి, మాంసం వేసి కలపండి.

ఇది పేలియో వంట, అంటే ధాన్యాలు, పప్పులు, సోయా వాడని పద్ధతి, కాబట్టి సోయా సాస్ బదులు కోకోనట్ అమినోస్ (కొబ్బరి పూల రసం పులియబెట్టి చేసే సాస్) రెండు మూడు చెంచాలు పోయండి, కొంచెం తియ్యగా ఉంటుంది, అందుకే నేను నిమ్మరసం, మిరియాల పొడి తప్పకుండా వేస్తాను. చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు, కావాలంటే అర చెంచా యారోరూట్ (ఒక దుంప పిండి) చాలు.