పిచ్చుకలు పోయింది టవర్ వల్లేనా?

ప్రశ్న: ఎదురు డాబా మీద సెల్ టవర్ పెట్టినప్పటి నుంచి మా వీధిలో పిచ్చుకలు కనబడటం లేదు. రేడియేషనే కారణమా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: టవర్ ఎప్పుడొచ్చిందో గుర్తుంది సరే, వీధిలో ఆఖరి పెంకుటిల్లు ఎప్పుడు పడగొట్టారో గుర్తుందా? చాలా ఊళ్లలో ఈ రెండూ ఇంచుమించు ఒకే కాలంలో జరిగాయి. నేరం మాత్రం టవర్ మీదే పడింది.

లెక్క చూడండి. 20 వాట్ల యాంటెన్నా తన శక్తిని 50 రెట్లు గుమిగూర్చి ఒకే దిక్కుకు పంపితే, అటువైపు 1000 వాట్ల కింద లెక్క. దూరాన్ని దూరంతోనే హెచ్చించి, దాన్ని మళ్లీ 12.57తో (గోళం వైశాల్యం లెక్కలో వచ్చే అంకె) హెచ్చించి, వచ్చినదాంతో ఈ వెయ్యిని భాగించాలి. 5 మీటర్లలో చదరపు మీటరుకు 3 వాట్ల పైమాటే. 50 మీటర్లలో 0.03. సెల్ టవర్లు వాడే తరంగాల్లో ఒకటైన 900 మెగాహెర్ట్జ్‌కు మన దేశంలో 2012 సెప్టెంబరులో పెట్టిన హద్దు 0.45. అది మనుషుల కోసం వేసిన హద్దన్నది నిజమే. అయినా యాంటెన్నా పలక ఎదుటే గూడు కట్టిన పిట్ట సంగతి వేరు, మీ చూరు కింది పిచ్చుక సంగతి వేరు.

2020 నాటి భారతీయ పక్షుల స్థితి నివేదిక ప్రకారం దేశం మొత్తమ్మీద పాతికేళ్లుగా పిచ్చుకలు దాదాపు నిలకడగానే ఉన్నాయి. హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో తగ్గాయి. టవర్లు పల్లెల్లో లేవా మరి?

పట్నంలో గూటికి సందు లేదు, పిల్లలకు పురుగు లేదు. తల్లి గింజలు తిన్నా పిల్లల నోట్లో పెట్టేది ఎక్కువగా పురుగులే. వరికుచ్చు కట్టి ఊరుకుంటే చాలదు. మందు కొట్టని నాలుగు మొక్కలుండాలి. గూటికి 25 సెం.మీ. ఎత్తు, 15 సెం.మీ. పొడవు, వెడల్పు ఉన్న చెక్కపెట్టె చాలు. కన్నం 32 మి.మీ.; అంతకు బాగా పెద్దదైతే గోరింక దూరుతుంది. కన్నం కింద పుల్ల బిగించకండి, అది కాకి నిలబడటానికే పనికొస్తుంది. 3 మీటర్ల ఎత్తున, మధ్యాహ్నపు ఎండ తగలని గోడకు కొట్టండి. రేకు డబ్బా వద్దు, పిల్లలు ఉడికిపోతాయి.

ప్రశ్న: టవర్ల వల్ల వలస పక్షులు దారి తప్పుతాయంటారు, నిజమేనా?
– ఓ విద్యార్థి, నెల్లూరు

జవాబు: దిక్కు మరిపించే తరంగాలు ఉన్నాయి. అయితే గట్టిగా రుజువైనవి సెల్ టవర్‌వి కావు. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో చెక్క గదుల్లో ఉంచిన రాబిన్ పిట్టలు వలస దిక్కు పోల్చుకోలేకపోయాయి. గదుల చుట్టూ అల్యూమినియం రేకులు బిగించి ఎర్త్ ఇచ్చాక పోల్చుకున్నాయి. ఎర్త్ ఊడదీస్తే మళ్లీ తికమక! 2014లో అచ్చయిన ఆ పరిశోధనలో దోషిగా తేలింది 50 కిలోహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న విద్యుదయస్కాంత తరంగాల రొద (చెవికి వినబడేది కాదు): మీడియం వేవ్ రేడియో, కరెంటు పరికరాలు వెదజల్లేది. సెల్ టవర్ పనిచేసేది 700 మెగాహెర్ట్జ్, ఆపైన. ఊరి పొలిమేర దాటించి చూస్తే ఆ పిట్టలకు రేకుల అవసరమే లేకపోయింది.