పెద్దాయన ఎందుకు మాట్లాడేవాడు కాదు

అమ్మాయ్,

నువ్వు పంపిన 12 పేజీలూ రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. లేటయింది, ఏమనుకోకు. మీ ఆయన వాళ్ల తాతగారి గురించి రాయాలనుకున్నావు చూడు, అది మంచి పని, పైగా నువ్వు ఆ ఇంట్లో పుట్టలేదు కాబట్టి వాళ్లకి అలవాటైపోయి కనపడనివి నీకు కనపడతాయి.

కానీ మొదటి పేజీ తీసెయ్. పెద్దాయన అంత్యక్రియల్లో అమెరికా జెండాని 13 మడతలు పెట్టడం, చుక్కలు పైకొచ్చేలా ముక్కోణం చెయ్యడం, తెచ్చి మామ్మగారి చేతిలో పెట్టడం, ఆ బ్యూగిల్... బాగానే రాశావ్, నాకూ కళ్లు చెమర్చాయి. కాకపోతే అమెరికాలో సైన్యంలో పనిచేసి గౌరవంగా బయటికొచ్చిన ఎవరికైనా ఇంట్లోవాళ్లు అడిగితే అది జరుగుతుంది, కనీసం ఇద్దరు సైనికులు రావాలని చట్టంలోనే ఉంది. ఆ పేజీలో పెద్దాయన లేడు, తంతు ఉంది అంతే.

పేపర్లో వేసిన శ్రద్ధాంజలిలోంచి మూడు ముక్కలు తెచ్చుకున్నావు, బ్యాంకరు, మాజీ సైనికుడు, కుటుంబమే ప్రాణంగా బతికినవాడు అని. మూడింటికీ మూడు చాప్టర్లు. నువ్వు గమనించావో లేదో గానీ మూడు చాప్టర్లలోనూ ఒకే వాక్యం ఉంది, "ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు". తను వెళ్లొచ్చిన కొరియా యుద్ధం గురించి మాట్లాడలేదు, బ్యాంకు సంగతులు ఇంట్లో ఎత్తలేదు, పిల్లల దగ్గరా అంతే. ప్రతిసారీ ఆ మాట అనేసి ముందుకెళ్లిపోయావు. నీ కథ అక్కడే ఉందమ్మా, ఎందుకంటే అవి మూడూ ఒకే మౌనం కాదు.

బ్యాంకు మౌనం ఉద్యోగంలో భాగం. చిన్న ఊళ్లో లోన్లు ఇచ్చే కుర్చీలో కూర్చున్నవాడికి ఎవరి వ్యాపారం మునుగుతోందో, ఎవరి ఇల్లు వేలానికి రాబోతోందో వాళ్ల పెళ్లాం పిల్లలకంటే ముందే తెలుస్తుంది, తెలిసి కూడా ఆదివారం చర్చిలో అదే మనిషి పక్కన కూర్చుని వానల గురించి మాట్లాడాలి. నువ్వేమో 1980ల గురించి "వడ్డీలు పెరిగి కష్టకాలం వచ్చింది" అని ఒక్క లైనుతో సరిపెట్టావ్. ఎంత పెరిగాయో రాయి. 1980 డిసెంబర్లో ప్రైమ్ రేటు, అంటే బ్యాంకులు బాగా నమ్మకమైన ఖాతాదారులకి వేసే వడ్డీ, 21.5 శాతం, మరుసటేడు ఇంటి లోన్లు 18 దాటాయి. 50 వేల డాలర్లు 30 ఏళ్లకి తీసుకుంటే 9 శాతానికి నెలకి 400 చిల్లర, 18కి 750 పైనే. ఆ తేడా ఎవరింట్లో ఏం చేసిందో ఆయనకి తెలుసు, చెప్పకూడదు. అలాంటి సాయంత్రం ఇంటికొచ్చి భోజనాల దగ్గర ఏం మాట్లాడతాడు?

అన్నట్టు గరాజులో రేకు డబ్బాలో నోట్లు దాచేవాడని, బ్యాంకరుకి బ్యాంకు మీద నమ్మకం లేదని జోకులా రాశావు కదా, అది జోకు కాదు. ఆయన పుట్టింది 1931లో అన్నావు. 1930 నుంచి 33 లోపు ఆ దేశంలో దాదాపు 9 వేల బ్యాంకులు మూతపడ్డాయి, డిపాజిట్లకి ఇన్సూరెన్స్ అనేదే 1934లో మొదలైంది, అదీ 2,500 డాలర్ల వరకే. ఆ డబ్బా వాళ్ల నాన్న నేర్పింది అయ్యుంటుంది, అడిగి చూడు. డబ్బాని మాత్రం మూడో చాప్టర్లో మూల పడెయ్యకు, ముందుకి తీసుకురా.

ఇక కొరియా. ఇక్కడ కొంచెం తిడతాను. రెండో పేజీలో 1952లో డ్రాఫ్ట్ ఉత్తరం, అంటే సైన్యంలో తప్పనిసరిగా చేరమనే పిలుపు, వచ్చిందని నువ్వే రాశావు. ఐదో పేజీలో ఆయన ఉత్తర కొరియాలోని చోసిన్ రిజర్వాయర్ దగ్గర మంచులో గడ్డకట్టుకుపోతున్నాడు. చోసిన్ పోరాటం 1950 నవంబర్, డిసెంబర్లో జరిగింది, ఆ క్రిస్మస్ ముందురోజుకి హుంగ్నం రేవులోంచి ఓడలెక్కి అందరూ వచ్చేశారు కూడా. 1952 నాటికి అది వేరే యుద్ధం. పన్‌మున్‌జోమ్‌లో చర్చలు నడుస్తుంటే ఇటు రెండు సైన్యాల మధ్య గీత దాదాపు కదలకుండా ఉండి, అదే కొండని పట్టుకోవడం, పోగొట్టుకోవడం, మళ్లీ ఎక్కడం. 1953 జూలై 27న కాల్పులు ఆపారు, శాంతి ఒప్పందమైతే ఇప్పటికీ లేదు. ఆయన ఏం చెప్పకపోతే నువ్వు చదివిన దాంట్లోంచి భారీ సీను ఒకటి తెచ్చి ఆ ఖాళీలో పెట్టేశావు. ఎందుకు చెప్పలేదో మనకి తెలీదు, చూసింది చెప్పలేకపోయుండచ్చు, చెప్పుకునేంత లేదనుకుని ఉండచ్చు, ఎవరూ అడగకపోయి కూడా ఉండచ్చు. ఆ ఖాళీని ఖాళీగానే ఉంచి దాని చుట్టూ రాయి.

నేనూ ఈ తప్పు చేశాను లే. మా పెద్దనాన్న పోయినప్పుడు ఒక వ్యాసం రాసి, అందులో ఆయన మా పెద్దమ్మతో మంచి మంచి మాటలు అన్నట్టు డైలాగులు పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. పెద్దమ్మ మాత్రం చదివి కళ్లజోడు తీసి, "మీ పెద్దనాన్న నాతో ఇలా ఒక్కసారి మాట్లాడుంటే ఎంత బావుండేదిరా" అంది. ఆ వ్యాసం మళ్లీ ఎక్కడా వెయ్యనివ్వలేదు నేను.

అందుకే మూడో మౌనం దగ్గర మామ్మగారిని అడగకుండా ఒక్క లైను కూడా రాయకు. కుటుంబమే ప్రాణం అనేది పోయాక బయటివాళ్లు అనే మాట, లోపల ఎలా ఉండేదో ఆవిడకి తెలుసు. "తాతగారు మంచివారా" అని అడగకు, అవుననే అంటుంది. చిన్న చిన్నవి అడుగు. అక్కడ 1974లో చట్టం వచ్చేదాకా పెళ్లయిన ఆడది అప్పుకి వెళ్తే మొగుడి సంతకం అడిగే బ్యాంకులు బోలెడు, మరి ఈయనే బ్యాంకులో కూర్చున్నాడు కదా, ఎదురుగా ఆడవాళ్లొస్తే ఏం చేసేవాడు, మామ్మగారి పేరు మీద అకౌంటు ఎప్పుడు తెరిచారు? జవాబు నీకు నచ్చకపోవచ్చు, అయినా రాయాలి.

కాలేజీ రోజుల పేరా బాగుంది, దాని జోలికెళ్లకు. ఒక్కటి కలుపు, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చి చదువుకున్న సైనికులకి ఫీజులు ప్రభుత్వం నేరుగా కాలేజీకి కట్టేది, కొరియా వాళ్లకి 1952 చట్టం ప్రకారం ఒంటరివాడికైతే నెలకి 110 డాలర్లు చేతికిచ్చి, ఫీజూ తిండీ అందులోంచే చూసుకోమంది. బ్యాంకరు అక్కడ తయారయ్యాడేమో (ఇది నా ఊహ, నువ్వు వాడకు).

సర్వీసు ఫైలు కోసం అప్లికేషన్ పెట్టానన్నావు, పెద్దగా ఆశ పెట్టుకోకు. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ రికార్డుల ఆఫీసులో మంటలంటుకుని 1960కి ముందు ఆర్మీ నుంచి బయటికొచ్చినవాళ్ల ఫైళ్లు దాదాపు 80 శాతం పోయాయి, కాపీలు కూడా లేవు. ఫైలు కాలిపోయినవాళ్లకి ఆఖరి జీతం వోచర్లు వెతికి వాటిలోంచి సర్వీసు తేదీలు తీస్తారు. బ్యాంకరు కథకి వోచరే దిక్కవడం నాకైతే భలే నచ్చింది. ఏదైనా దొరికితే ఫోటో తీసి పంపు, ఆ తేదీలు చూసుకున్నాక ఐదో పేజీ సంగతి మాట్లాడుకుందాం. మామ్మగారిని అడిగేటప్పుడు రికార్డర్ పెట్టకు, ముందు మామూలుగా కూర్చో.