బాణసంచా ప్రదర్శనలో ప్రమాదం జరిగితే పూచీ ఎవరిది?

ప్రశ్న: ఈ దీపావళికి ఇంటింటా టపాసులు కాల్చడం మాని, అందరం కలిసి నగరపాలక సంస్థ మైదానంలో ఒకేచోట బాణసంచా ప్రదర్శన పెట్టుకోవాలని మా కాలనీ సంఘం తీర్మానించింది. 'ఏ ప్రమాదం జరిగినా పూర్తి బాధ్యత సంఘానిదే' అని స్టాంపు పేపరు మీద హామీ పత్రం రాసిస్తేనే మైదానం ఇస్తామని అధికారులు అంటున్నారు. అలా రాసిస్తే నగరపాలక సంస్థకు ఇక ఏ పూచీ ఉండదా? కార్యవర్గంలో కొందరు సంతకం చేయడానికి జంకుతున్నారు.
– ఒక పాఠకుడు, పట్టాభిపురం, గుంటూరు

జవాబు: వారి జంకు సహేతుకమైనదే. అయితే ఆ పత్రం రాసివ్వడంతో నగరపాలక సంస్థ బాధ్యత తీరిపోదు. అది మీ సంఘానికీ, సంస్థకూ మధ్య ఒప్పందం మాత్రమే. ప్రదర్శన చూడడానికి వచ్చి గాయపడిన పిల్లవాడి తల్లిదండ్రులు దాని మీద సంతకం చేయలేదు కనుక వారు మీ ఇద్దరి మీదా దావా వేయవచ్చు. కోర్టు సంస్థను పరిహారం చెల్లించమంటే, చెల్లించిన ఆ మొత్తాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మీ దగ్గర రాబట్టుకోవడానికి మాత్రం ఆ పత్రం పనికివస్తుంది. మీ సంఘం రిజిస్టరు కాకపోతే ఆ భారం సంతకం చేసినవారి సొంత ఆస్తుల మీదికి రావచ్చు. ఇక నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, పేలుడు పదార్థాల విషయంలో అజాగ్రత్తకు 288వ సెక్షన్ కింద వచ్చే క్రిమినల్ కేసును ఏ స్టాంపు పేపరూ ఒకరి నుంచి మరొకరికి మార్చలేదు.

స్థానిక సంస్థల పూచీ గురించి సుప్రీంకోర్టు తీర్పులన్నీ ఒకేలా లేవు. ఢిల్లీ చాందినీచౌక్‌లో గడియార స్తంభం కూలిన కేసులో, ఆ కట్టడం మునిసిపల్ కార్పొరేషన్‌ది కాబట్టి పరిహారం అదే చెల్లించాలని 1966లో చెప్పింది. 59 మందిని బలిగొన్న 1997 నాటి ఉపహార్ థియేటర్ అగ్నిప్రమాదంలో మాత్రం, లైసెన్సు, తనిఖీ విధుల్లో లోపం జరిగినంత మాత్రాన కార్పొరేషన్ మీద పరిహారం వేయలేమని 2011లో తేల్చింది. మీకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది మీరట్‌లో 2006లో జరిగిన ప్రదర్శనశాల అగ్నిప్రమాదం కేసు. 'పని కాంట్రాక్టరుకు అప్పగించాం, తప్పు అతనిది' అన్న నిర్వాహకుల వాదనను 2022లో తోసిపుచ్చి, పరిహారంలో 60 శాతం నిర్వాహకులు, 40 శాతం రాష్ట్ర ప్రభుత్వం భరించాలని తీర్పు చెప్పింది. బాణసంచా కాల్చే మనిషిని కుదుర్చుకున్నాం కదా అని మీ సంఘం ధీమాగా ఉండడానికి వీల్లేదని దీన్నిబట్టి గ్రహించాలి.

ఇక్కడ నగరపాలక సంస్థ కేవలం అనుమతి ఇచ్చే అధికారి కాదు, మైదానానికి యజమాని కూడా. తాళం వేసి ఉన్న రెండో గేటు, తలమీదుగా పోయే కరెంటు తీగలు, వెలగని దీపాలు, మూలన పేరుకున్న ఎండు చెత్త వంటివి సరిచేసే అధికారం దానిదే. అలాంటప్పుడు పత్రం తీసుకుని పక్కకు తప్పుకోవడం ప్రజా సంస్థకు తగిన పని కాదని నా గట్టి అభిప్రాయం. 2022 దీపావళి ముందురోజు విజయవాడ జింఖానా మైదానంలో టపాసుల దుకాణాలు అంటుకుని ఇద్దరు మరణించిన సంగతి మనవాళ్లెవరూ మరిచిపోలేదు.

అందువల్ల 'పూర్తి బాధ్యత' అన్న మాటను యథాతథంగా ఒప్పుకోకండి. 'మా సంఘం, మేము నియమించిన వారి నిర్లక్ష్యం వల్ల కలిగే నష్టానికి మేము బాధ్యులం; గేట్లు, విద్యుత్తు, మైదానం స్థితి నగరపాలక సంస్థ చూసుకుంటుంది' అని మార్చి రాయమని కమిషనర్‌ను లిఖితపూర్వకంగా కోరండి. కాల్చే చోటు, జనం నిలబడే చోటు, అగ్నిమాపక వాహనం వచ్చే దారి గీసిన పటాన్ని దానికి జతచేసి, అందినట్టు తేదీతో రసీదు తీసుకోండి.

సామూహికంగా కాల్చుకోవడానికి గల వీలును పరిశీలించమని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టే రాష్ట్రాలకు సూచించింది కనుక మీ ఆలోచన మంచిదే. దీపావళి రాత్రి 8 నుంచి 10 గంటల వరకే కాల్చాలన్నది కూడా ఆ తీర్పులోనిదే. పోలీసు, అగ్నిమాపక శాఖల అనుమతులు వేరుగా తీసుకోవాలి. సరుకు లైసెన్సు ఉన్నవారి దగ్గరే కొనాలి.

బీమా విషయంలో తొందరపడకండి. ఒక్కరోజు కార్యక్రమానికి మూడో వ్యక్తుల నష్టాన్ని భరించే పాలసీలు దొరుకుతాయి గానీ, వాటిలో కొన్ని బాణసంచాను మినహాయిస్తాయి. మినహాయింపుల పేజీ చదివి, బాణసంచాకు వర్తిస్తుందని కంపెనీ చేత రాయించుకుని, నగరపాలక సంస్థ పేరు కూడా పాలసీలో చేర్పించండి. అధికారులు హామీ పత్రం మాటలు మార్చడానికి ఒప్పుకునేది ఎక్కువగా అప్పుడే. అప్పటికీ ఒప్పుకోకపోతే ఆ మైదానాన్ని వదులుకోవడమే మేలు.