పొట్ట కొవ్వుతో రొమ్ము కట్టే ఆపరేషన్ డాక్టర్లు యాడ నేర్చుకుంటారు, పేషెంట్ల మీదేనా?

చెల్లెమ్మా, పుత్తూరు నుంచి నువ్వు రాసింది చదివినా. అమ్మకి క్యాన్సర్, రొమ్ము మొత్తం తీసేయాలన్నారు, అదే ఆపరేషన్లో పొట్ట కింద చర్మం, కొవ్వు తీసి కొత్తగా రొమ్ము కడతామన్నారు, ఆ రూములో పీజీ పిలకాయలు, అంటే ఇంకా సర్జరీ నేర్చుకుంటా ఉండే డాక్టర్లు, నిలబడి నోట్సు రాసుకుంటా ఉంటే "వీళ్ళంతా మా అమ్మ మీద నేర్చుకుంటారా ఏంది" అని నీకు భయమేసింది. అందరికీ వచ్చే భయమే అది. నేను తిరుపతిలో ఓటీ (ఆపరేషన్ థియేటర్) నర్సుని, ప్లాస్టిక్ సర్జరీ టేబుల్ దగ్గర చాన్నాళ్ళు నిలబడ్డా, తర్వాత స్కిల్స్ ల్యాబ్ డ్యూటీ కూడా వేశారు, అంటే ఈ పిలకాయలు చెయ్యి తిప్పడం నేర్చుకునే చోటు. మా పిన్నికి, పాకాలలో ఉంటాది, ఇదే ఆపరేషన్ జరిగింది. రెండు పక్కలా చూసినా కాబట్టి రాస్తా ఉన్నా.

ముందు నీ ప్రశ్నకి జవాబు. మనిషి మీద చెయ్యి పెట్టేముందు వాళ్ళు నేర్చుకునేది కోడికాలు మీద. ఎగతాళి కాదు, నిజంగానే.

ఎందుకో అర్థం కావాలంటే ఆపరేషన్ ఏందో తెలియాలి. దీన్ని డీప్ (DIEP) ఫ్లాప్ అంటారు, ఫ్లాప్ అంటే లేపి తెచ్చే ఆ ముక్క. బొడ్డు కింద చర్మం, కొవ్వు, వాటికి రక్తం పంపే నాళం, ఈ మూడూ కలిపి ఒక ముక్కగా లేపి, నాళాన్ని కోసేసి, ఆ ముక్కని ఛాతీ మీదికి తెచ్చి, పక్కటెముకల వెనక పోయే నాళానికి కలిపి కుడతారు. 1982లో అమెరికాలో హార్ట్రాంఫ్ అనే ఆయన చెప్పిన పాత పద్ధతిలో పొట్ట కండ కూడా తీసేవాళ్ళు, దాంతో తర్వాత పొట్ట బలహీనమై కొందరికి ముందుకి ఉబికేది. 1989లో జపాన్‌లో కోషిమా అనే డాక్టర్ కండ జోలికి పోకుండానే ఆ ముక్క లేపొచ్చని చూపించాడు, 1992లో అమెరికాలో రాబర్ట్ అలెన్ దాన్ని రొమ్ము కట్టడానికి వాడాడు. కండ మిగిలింది, పొట్టకి మంచిదే, కానీ డాక్టర్ పని కష్టమైంది, ఎందుకంటే కండలోంచి దూరి వచ్చే సన్న నాళాల్ని వెతికి, తెగకుండా విడదీసి, మళ్ళా రెండు మూడు మిల్లీమీటర్ల గొట్టాన్ని ఇంకో గొట్టానికి కుట్టాలి. మైక్రోస్కోప్ కింద, 9-0 దారంతో. ఆ దారం వెంట్రుక కంటే సన్నం, సూది కింద పడితే కంటికి ఆనదు, ఆపరేషన్ చివర్లో సూదుల లెక్క ఒప్పజెప్పేటప్పుడు మా నర్సుల ప్రాణాలు పోతాయి అనుకో.

ఒక్క కుట్టు నాళం వెనక గోడని కూడా పట్టుకునిందంటే లోపల రక్తం గడ్డ కడతాది, ముక్క మొత్తం చచ్చిపోతాది. అందుకే దీన్ని మనిషి మీద మొదలుపెట్టనియ్యరు.

ల్యాబ్‌లో మొదట సర్జికల్ గ్లౌజు ముక్క మీద కుట్టిస్తారు, తర్వాత సిలికాన్ గొట్టం, తర్వాత కోడికాలు. పొద్దున అంగడి తెరవంగానే మా అటెండర్ పోయి లెగ్ పీసులు తెచ్చేవాడు, తోలు తీయొద్దు, కత్తి పెట్టొద్దు, తొడ పూర్తిగా కావాలి అని చెప్తే ఆ అంగడాయన "ఏం సామీ, ఇది కూరకేనా" అని అడిగేవాడంట. తొడ లోపల నరం పక్కనే ధమని, సిర ఉంటాయి, మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల లావు, మనిషి నాళాలకి దగ్గరగానే ఉంటాయి. కోసి, కలిపి కుట్టి, సిరంజితో రంగు నీళ్ళు కొట్టి ఎక్కడ కారుతుందో చూస్తారు. ఆ తర్వాత కుట్టినచోట నిలువుగా చీల్చి లోపలి నుంచి చూస్తారు, అసలు పరీక్ష అదే, బయట నుంచి ముద్దుగా కనబడే కుట్టు లోపల వెనక గోడని పట్టుకుని ఉంటాది. నన్ను కూడా ఒక మేడమ్ మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది, నా చెయ్యి అంత వణుకుతాదని నాకప్పుడే తెలిసింది. మోచెయ్యి నుంచి అరచెయ్యి అంచు దాకా టేబుల్ మీద ఆనించాలి, ఊపిరి మెల్లగా వదలాలి, ముందురోజు నిద్ర లేకపోతే ఆ రోజు కూర్చోకూడదు.

కోడికాలికి ఒక లోటు ఉంది, అందులో రక్తం పారదు, కాబట్టి గడ్డ కట్టేదీ కట్టనిదీ తెలీదు. అందుకే కొన్ని పెద్ద సెంటర్లలో ఎథిక్స్ కమిటీ పర్మిషన్‌తో మత్తిచ్చిన ఎలుక మీద చేయిస్తారు. అవన్నీ దాటినాక గానీ ఓటీలో చెయ్యి పెట్టనియ్యరు, అక్కడ కూడా మొదట పొట్ట గాయం మూయడం, ఫ్లాప్ లేపడంలో ఒక భాగం, అట్ల మెల్లమెల్లగా. నేను పనిచేసిన చోట నాళం కుట్టేది కన్సల్టెంటే, పీజీ ఎదురుగా కూర్చుని సాయం పట్టేవాడు.

ఈ నేర్పడం మీద రీసెర్చ్ కూడా జాస్తిగానే జరుగుతా ఉంది. కెనడాలోని టొరంటోలో 1990ల్లో ఓశాట్స్ అని ఒక మార్కుల పద్ధతి తయారు చేశారు, గురువుకి నచ్చాడా లేదా అని కాకుండా, నాళాన్ని ఎంత సున్నితంగా పట్టుకున్నాడు, చెయ్యి ఎన్నిసార్లు ఊరికే తిప్పాడు, పరికరం ఎట్ల వాడాడు అని విడివిడిగా మార్కులు. చేతుల వీడియో మాత్రం తీసి, ఎవరి చేతులో చెప్పకుండా వేరే డాక్టర్లతో దిద్దిస్తారు. నాకు ఈ పద్ధతి భలే నచ్చింది, మొహం చూసి మార్కులేసే అలవాటు మన దగ్గర లేదంటే నమ్మను. అయితే ఈ స్టడీలు చాలావరకు కొద్దిమందితో చేసినవే, ల్యాబ్‌లో బాగా కుట్టినోడు ఓటీలో కూడా పేషెంటుకి మంచి చేస్తాడా అనేది తేల్చడం కష్టం.

ఇంకో మాట, పీజీ నువ్వనుకునేంత ప్రమాదం కాదు. నన్నడిగితే ఆపరేషన్ అయినాక వచ్చే రాత్రి గురించి జాస్తి ఆలోచించు. ఫ్లాప్‌కి ఇబ్బంది వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాది, అందుకే మొదటి 24 గంటలు గంటగంటకీ నర్సు వచ్చి చూడాలి. నీలంగా మారి ఉబ్బిందంటే, వేలితో నొక్కి వదలంగానే రంగు మరీ తొందరగా తిరిగొచ్చిందంటే సిర మూసుకున్నట్టు. పాలిపోయి చల్లబడిందంటే ధమనిలో అడ్డం. తొందరగా కనిపెట్టి ఓటీకి తీసుకుపోతే చాలాసార్లు కాపాడొచ్చు, తెల్లారి చూద్దాంలే అంటే పోయినట్టే. ఇక్కడ ఒక చిక్కు, పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్లోళ్ళ చర్మం మీద, మన చామనఛాయ పొట్ట మీద ఆ నీలం అంత తేలిగ్గా తెలీదు. అందుకే మేము రంగుని నమ్ముకోకుండా వేడి, మెత్తదనం, డాప్లర్ మిషన్‌లో వినబడే రక్తం పారే చప్పుడు చూసేవాళ్ళం. ఇది కొత్త నర్సులకి ఎవురూ క్లాసులో చెప్పరు, పక్కన నిలబెట్టుకుని నేర్పాలి. స్కిల్స్ ట్రైనింగ్ అంటే డాక్టర్లకే అనుకుంటారు అందరూ, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

కాబట్టి డాక్టర్‌ని ఇవి అడుగు. నాళం కుట్టేది ఎవరు, ఇక్కడ ఇవి తరచుగా జరుగుతాయా, రాత్రి ఫ్లాప్ చూసే నర్సు అలవాటున్న మనిషేనా, అర్ధరాత్రి మళ్ళా ఓటీ తెరవాల్సి వస్తే టీమ్ అందుబాటులో ఉంటాదా, ముందుగా సీటీ యాంజియో, అంటే పొట్టలో నాళాలు ఎక్కడున్నాయో చూపించే స్కాన్, తీస్తారా. అలవాటున్న సెంటర్లలో ఫ్లాప్ పూర్తిగా పోవడం నూటికి ఐదు కంటే తక్కువే. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో గానీ, అలిపిరి దగ్గర టాటా వాళ్ళ క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ, వెల్లూరు సీఎంసీలో గానీ ఇంకో డాక్టర్‌ని కూడా అడిగి చూడడంలో తప్పులేదు, మంచి డాక్టర్ ఎవరూ దానికి అలగరు.

మీ బంధువులు "ఈ వయసులో ఇదంతా అవసరమా" అంటా ఉన్నారని రాసినావు కదా. మా ఇంట్లో కూడా అదే పాట. పిన్నిని మాత్రం ఎవరూ అడగలేదు. బ్రెస్ట్ క్యూ అని 2009లో ఒక ప్రశ్నావళి వచ్చింది, దాంతో రొమ్ము ఎట్ల ఉందో డాక్టర్ కాకుండా ఆ మనిషే చెప్తాది, అద్దంలో చూసుకుంటే ఎట్లుంది, బట్టలు వేసుకుంటే ఎట్లుంది అని. దాంతోనే అమెరికా, కెనడాలో చాలా ఆసుపత్రులు కలిసి చేసిన స్టడీలో రెండేళ్ళ తర్వాత చూస్తే సొంత కొవ్వుతో కట్టించుకున్నోళ్ళు ఇంప్లాంట్ (లోపల పెట్టే సిలికాన్ సంచి) పెట్టించుకున్నోళ్ళ కంటే తృప్తిగా ఉన్నామన్నారు. అట్లని అందరికీ ఇదే అనను. ఇది గంటలకొద్దీ పట్టే ఆపరేషన్, పొట్ట మీద ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా మచ్చ ఉంటాది, కొత్త రొమ్ములో స్పర్శ పెద్దగా ఉండదు. కొందరికి అసలేమీ వద్దు, లోపల ప్యాడ్ పెట్టుకునే బ్రా చాలు, అది కూడా మంచి నిర్ణయమే. క్యాన్సర్ వైద్యం అయిపోయినాక తర్వాతెప్పుడో కట్టించుకోవచ్చు కూడా. అమ్మని ఒంటరిగా కూర్చోబెట్టి అడుగు, అత్తలూ పెద్దమ్మలూ లేనప్పుడు.

మా పిన్ని డాక్టర్‌ని అడిగిన మొదటి ప్రశ్న, అలిపిరి మెట్లెక్కి కొండకి పోవచ్చా అని. పోవచ్చు గానీ పొట్ట పూర్తిగా మానినాక అన్నారు. ఆరు వారాల దాకా బిందె ఎత్తనియ్యలేదు, ఆమెతో అదే పెద్ద గొడవ.

అమ్మకి ఆకు వక్కలో పొగాకు వేసుకునే అలవాటుంటే ఈ రోజే మాన్పించు, డాక్టర్‌కి దాచొద్దు, పొగాకులో ఉండే నికోటిన్ సన్న నాళాల్ని ముడుచుకునేట్టు చేస్తాది. ఆస్పిరిన్ లాంటి మాత్రలు వాడతా ఉంటే ఆ చీటీ కూడా చూపించు, కానీ సొంతంగా ఆపొద్దు. షుగర్ ఉందా, ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఉంటాదని చెప్పారా, ఇంతకు ముందు పొట్ట మీద ఏదైనా ఆపరేషన్ అయిందా, ఈ మూడూ ఇక్కడే కింద రాయి. రేడియేషన్ ఉంటే రొమ్ము ఇప్పుడే కట్టాలా, తర్వాతా అనేది మారిపోవచ్చు, దాన్నిబట్టి ఇంకేం అడగాలో చెప్తా.