టెన్షన్ పడొద్దని చెప్పడానికి కౌన్సెలర్ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 41. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నాను. నాలుగు నెలలుగా రాత్రిపూట ఉన్నట్టుండి గుండె దడ, ఛాతీ పట్టేసినట్టుండడం, చేతులు తిమ్మిర్లు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్షలన్నీ నార్మలే. డాక్టరుగారు కౌన్సెలింగ్‌కి వెళ్లమన్నారు. 'టెన్షన్ పడకు' అని మా ఆవిడ రోజూ చెబుతూనే ఉంది. డబ్బు కట్టి ఇంకొకరితో అదే చెప్పించుకోవాలా? పైగా తెలిసినవాళ్లు చూస్తే ఏమనుకుంటారు?

జవాబు: పడొద్దంటే తగ్గేదైతే మీకు ఈపాటికే తగ్గిపోయేది. ఆ ఒక్క మాట చెప్పి పంపించే కౌన్సెలర్ దగ్గరికి రెండోసారి వెళ్లకండి.

భయం వేసినప్పుడు అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, మనకు తెలియకుండానే ఊపిరి గబగబా పీల్చి వదులుతాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి చేతులు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. ఆ తిమ్మిరి చూసి గుండెపోటేమో అనుకుంటారు, దడ ఇంకా ఎక్కువవుతుంది. ఇది పిరికితనం కాదండీ. అయితే నడిచినప్పుడో బరువెత్తినప్పుడో ఛాతీలో నొప్పి వచ్చినా, చెమటలు పట్టి నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా పాత రిపోర్టులు నమ్ముకుని కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక కౌన్సెలింగ్ సంగతి. అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ 1960ల్లో రూపొందించిన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే మాటల చికిత్స) అనే పద్ధతిలో థెరపిస్టూ, వచ్చిన మనిషీ కలిసి పనిచేస్తారు. ఆందోళన ఎలా పెరుగుతుందో థెరపిస్టుకు తెలుసు, మీ రాత్రులు ఎలా గడుస్తున్నాయో మీకే తెలుసు. ముందు దేన్ని పట్టుకోవాలో, ఈ వారం ఏం చేసి చూడాలో ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకుంటారు.

తాడేపల్లి నుంచి ఒక టీచరు నా దగ్గరికి వచ్చేవారు. ఆవిడ ఒప్పుకున్నారు కాబట్టే చెబుతున్నాను. ఆటో ప్రకాశం బ్యారేజీ ఎక్కగానే ఆవిడకు ఊపిరాడేది కాదు. ముందు సగం దూరం నడిచి రండి అని నేను ప్లాన్ వేశాను. 'నడకంటే నాకు భయం లేదు మేడమ్, ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తిరగొచ్చు. ఆటోలో అయితే మధ్యలో దిగలేను, అదీ నా బాధ' అన్నారు. నా ప్లాన్ అక్కడే కొట్టేశాం. ముందు చెల్లెలితో ఆటోలో, తర్వాత చెల్లెలు వెనకాల ఇంకో ఆటోలో, ఆ తర్వాత ఒంటరిగా. ఈ మెట్లన్నీ ఆవిడ రాసుకున్నవే. ఆ రోజు మొహమాటపడి ఊరుకుంటే మాకు నెల రోజులు వృథా అయ్యేవి. మీరూ మొహమాటపడకండి, చెప్పింది పడకపోతే పడలేదని చెప్పేయండి.

ఎవరైనా చూస్తారేమోనని భయపడొద్దు. మీ వివరాలు గోప్యంగా ఉండడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకిచ్చిన హక్కు. ముందు ఫోన్‌లోనే మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. మందుల అవసరం ఉందో లేదో సైకియాట్రిస్టు చూస్తారు, గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లోనూ ఆ విభాగం ఉంది.

మీ ఆవిడ మీద విసుక్కోకండి. ఏం చేయాలో తోచకే ఆ మాట అంటున్నారు. దడ వచ్చినప్పుడు పక్కన కూర్చుంటే బాగుంటుందా, వీపు నిమిరితే బాగుంటుందా, అసలు మాట్లాడకుండా ఉంటే నయమా, అది మీరే ఆమెకు చెప్పాలి.

రోజూ మిర్చి టిక్కీల (బస్తాల) లెక్కలు రాసే చెయ్యి కదా మీది. ఈ వారం ఇది కూడా రాయండి. దడ ఎప్పుడొచ్చింది, అంతకుముందు ఏం జరిగింది, మనసులో ఏమనుకున్నారు, భయం పదికి ఎంత. 'రాత్రి 9.40. డబ్బులెప్పుడని రైతు ఫోన్. సరుకు కొన్న పార్టీ ఎగ్గొడితే నా మెడకే చుట్టుకుంటుంది. 8.' ఇలా ఉంటే చాలు. ఎన్ని టీలు తాగారో పక్కనే వేయండి, టీలో ఉండే కెఫీన్ కూడా దడ పెంచుతుంది. మొదటి రోజు ఏం మాట్లాడాలో తోచకపోతే ఆ కాగితం కౌన్సెలర్ చేతికివ్వండి.