బాస్క్ వాళ్ళకు కొండలంటే అంత ప్రాణం ఎందుకు? బిల్బావో క్లబ్బులో రెండేళ్ళు నడిచిన అనుభవం

హిమాలయాలు ఎక్కిన స్పెయిన్ వాళ్ళ జాబితా చూస్తే వరసగా బాస్క్ పేర్లే కనిపిస్తున్నాయి, ఉత్తర స్పెయిన్‌లో 22 లక్షల చిల్లర జనం ఉన్న చోటు నుంచి ఇంతమంది ఎలా వచ్చారు, వాళ్ళ క్లబ్బుల్లో అసలేం చేస్తారు అని మీరు అడిగారు. చదువు కోసం నేను బాస్క్ ప్రాంతంలోని బిల్బావోలో రెండేళ్ళు ఉన్నాను. ఆ రెండేళ్ళూ అక్కడి ఒక పాత మౌంటెనీరింగ్ క్లబ్బులో సభ్యురాలిని. నేను చూసింది, అక్కడి పెద్దల దగ్గర విన్నది చెబుతాను.

క్లబ్బు అనగానే నేనూ తాళ్ళు, మంచు గొడ్డళ్ళు ఊహించుకున్నాను. మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి బస్సు దగ్గరికి వెళ్తే, పదేళ్ళ పిల్లల దగ్గర్నుంచి ఎనభై దాటిన ముసలివాళ్ళ దాకా ఉన్నారు. మా ఊళ్ళో పెళ్ళికి బయల్దేరే బస్సులా ఉంది. ఏడాది మొదట్లోనే ఏ ఆదివారం ఏ కొండో ముద్రించి చేతికిస్తారు. ఎండాకాలంలో పిరనీస్ పర్వతాలకు వెళ్తారు, మిగతా రోజుల్లో దగ్గరి కొండలకు. పర్వతారోహకుడిని వాళ్ళ భాషలో 'మెందిసాలె' అంటారు. మెంది అంటే కొండ, సాలె అంటే ఇష్టపడేవాడు. ఆ మాటలో ఎక్కడమనేదే లేదు చూడండి.

ఇక చరిత్ర. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బిల్బావో అంటే ఇనుప గనులు, ఉక్కు కొలుములు, పొగ. ఊరి చుట్టూ మాత్రం పచ్చటి కొండలు. వారమంతా పని చేసిన కుర్రాళ్ళకు ఆదివారం ఊపిరాడే చోటు అదొక్కటే. 1912లో క్లబ్ దెపోర్తీవో దె బిల్బావో పుట్టింది. అందులోని ఆంచోన్ బాంద్రేస్ కొండలెక్కడాన్ని ఒక పోటీగా మార్చాడు. ఎవరు ముందు ఎక్కారన్నది లెక్క కాదు, ఎన్ని వేరువేరు కొండలు ఎక్కారన్నదే లెక్క. ఈ ఆలోచనే వాళ్ళను ఇంత దూరం తెచ్చిందని నా నమ్మకం. ఇప్పటికీ నడుస్తున్న 'నూరు కొండల' పోటీ ఆ దారిలో వచ్చిందే: క్లబ్బులన్నిటి ఉమ్మడి సంఘం, అంటే ఫెడరేషన్, ఇచ్చిన జాబితాలోంచి వంద వేరువేరు కొండలు ఎక్కాలి. పక్కవాడిని ఓడించే పనే లేదు కాబట్టి అరవై ఏళ్ళ అత్తగారూ, ఇరవై ఏళ్ళ కోడలూ ఒకే పోటీలో ఉండొచ్చు. రెండేళ్ళలో నావి 31 అయ్యాయి.

క్లబ్బులన్నీ కలిసి 1924లో ఎల్గెతా అనే చిన్న ఊళ్ళో ఫెడరేషన్ పెట్టుకున్నాయి. తొలి అధ్యక్షుడు బాంద్రేసే. 1926లో 'పిరెనైకా' అనే పత్రిక మొదలుపెట్టారు. మా క్లబ్బు గదిలో బీరువా నిండా ఆ పాత సంచికలే ఉండేవి.

ఆ తర్వాత వచ్చింది స్పెయిన్ అంతర్యుద్ధం. 1937లో బిల్బావో, తర్వాత స్పెయిన్‌కు నియంత అయిన ఫ్రాంకో సైన్యం చేతిలో పడింది. కొండల్లో తిరుగుతూ బాస్క్ జాతీయవాదం ప్రచారం చేసిన 'మెందిగోయ్‌సాలె' సంఘాలను అణిచేశారు. బాస్క్ జెండా ఇకురిన్యా ఎగరేయడం నేరం. బడిలో బాస్క్ మాట్లాడితే దెబ్బలు పడేవట. ఇది నాకు చెప్పింది మా క్లబ్బులో అందరికన్నా పెద్దాయన. అక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాక, వాళ్ళ భాషలోనే 'ఐతోనా' అని పిలిచేదాన్ని. తాతయ్య అని అర్థం. తన కుర్రతనంలో ఊళ్ళో గొంతు తగ్గించి మాట్లాడుకునే భాషను, బస్సు దిగి చెట్ల మధ్యకు చేరగానే అందరూ గట్టిగా మాట్లాడేవారని ఆయన చెప్పారు. పాటలు కూడా పైకి చేరాకే. యువకులు గుంపుగా కలవడానికి అనుమతి ఉన్న కొద్ది చోట్లలో కొండల క్లబ్బు ఒకటి. అందుకే ఆ రోజుల్లో కొండకు వెళ్ళడమంటే భాష దగ్గరికి వెళ్ళడం కూడా.

ఇకురిన్యా మీద నిషేధం 1977 జనవరిలో పోయింది. మూడేళ్ళకే, 1980 మే 14న, మార్తిన్ సబలేతా షెర్పా పసాంగ్ తెంబాతో కలిసి ఎవరెస్టు ఎక్కి అదే జెండా పైన పెట్టాడు. స్పెయిన్ మొత్తంలో ఎవరెస్టు ఎక్కిన మొదటివాడు అతనే. 1974లో వెళ్ళిన బాస్క్ బృందం శిఖరం చేరకుండా వెనక్కి రావాల్సి వచ్చింది, అందుకని ఈసారి సంబరం ఇంకా పెద్దది. ఆ తర్వాత 1999లో హువానితో ఓయార్సబాల్, 2002లో అల్బెర్తో ఇన్యుర్రాతెగి, 2010లో ఎదుర్నె పసబాన్ ఎనిమిది వేల మీటర్లు దాటిన 14 శిఖరాలూ పూర్తి చేశారు. మీ ప్రశ్నకు నా జవాబు ఏమిటంటే, వీళ్ళు ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఆదివారం బస్సులో కిటికీ సీటు కోసం కొట్లాడుకునే పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

నా మొదటి పెద్ద కొండ గొర్బెయా, 1,482 మీటర్లు. పగోమకుర్రె దగ్గర బస్సు దిగాం. ఆ పేరుకు వంకర 'పాగో' (బీచ్) చెట్టు అని అర్థం. బొగ్గు కోసం ఒకప్పుడు కొమ్మలు నరికీ నరికీ ఆ చెట్లు చేతులు పైకెత్తిన మనుషుల్లా తయారయ్యాయి. అర్రబా పచ్చిక దగ్గర పదకొండింటికి ఆగారు. ఆ వేళ తినే చిరుతిండికి 'హమైకెతాకో' అని పేరు, పదకొండింటిది అని. నేను మాంసం తిననని ఐతోనా తన సంచిలోంచి ఇదియసాబాల్ జున్ను తీసి, చాకుతో పల్చగా కోసి, అక్రోటు పప్పుతో పెట్టారు. పొగ వాసన, కొంచెం ఉప్పు. మా చుట్టూ గంటలు మోగించుకుంటూ మేస్తున్న పొడుగు బొచ్చు లాచా గొర్రెల పాలతోనే ఆ జున్ను చేస్తారు.

ఎగిరిన్యావో అనే చోటు దాటాక పొగమంచు కమ్మింది. నేను హుషారుగా ముందుకు వెళ్ళిపోయి, వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. గొర్రెల గంటలు వినిపించిన వైపు మనుషులు ఉంటారనుకుని దారి వదిలేశాను. ఐదు నిమిషాల్లో నా చేతి కర్ర కొస కూడా కనపడలేదు. టెన్షన్‌తో కాళ్ళు వణికి అక్కడే కూర్చుండిపోయాను. అదే నన్ను కాపాడింది. కిందనుంచి ఈల వినిపించింది, నేను అరిచాను, ఈల దగ్గరికి వచ్చింది. వరసలో చివర నడిచే మనిషిని వాళ్ళు 'ఎస్కోబా' అంటారు. అంటే చీపురు. వెనకబడ్డ వాళ్ళందరినీ కలుపుకుని వస్తాడు. ముందుకు పోయినవాళ్ళను మాత్రం ఎవరూ వెతకలేరు, అందుకే దారి చీలిన ప్రతిచోటా ఆగాలి. ఆ రోజు చీపురు ఐతోనాయే. ఆయన కోప్పడలేదు. మిగతా దారంతా నా సంచి పట్టీ పట్టుకునే నడిచారు.

పైన ఇనుప సిలువ ఉంది. 1901లో కట్టింది కూలిపోతే మళ్ళీ కట్టారు, అదీ కూలింది. ఇప్పుడున్నది 1907 నాటిది. సాయంత్రం అమ్మకు ఫోన్ చేస్తే "పైన ఏ దేవుడున్నాడే?" అని అడిగింది. సిలువ, దాని కింద అమ్మవారు (మేరీ మాత) అన్నాను. అన్బోతో అనే ఇంకో కొండ గుహలో మారి అనే అమ్మవారు ఉంటుందని అక్కడివాళ్ళు చెప్పుకునే కథ చెబితే, "అయితే దణ్ణం పెట్టుకుని రా" అంది.

కొండ మీద నాకు అన్నిటికన్నా నచ్చింది పోస్ట్ డబ్బా. బాస్క్ శిఖరాల మీద క్లబ్బులు చిన్న ఇనుప డబ్బాలు పెడతాయి. ఎక్కినవాళ్ళు పేరు, క్లబ్బు, తేదీ రాసిన కార్డు అందులో వేస్తారు. తర్వాత ఎక్కినవాళ్ళు దాన్ని కిందకు తెచ్చి ఆ క్లబ్బుకు పోస్ట్ చేస్తారు. ఒకప్పుడు కొండ ఎక్కినట్టు రుజువు అదే. ఫోన్ ఫొటోలు వచ్చాక ఈ అలవాటు తగ్గింది, అది నాకు నిజంగా బాధ. చిందోకి మీద (1,346 మీటర్లు, చివర్లో రాళ్ళు పట్టుకుని ఎక్కాలి) నాకొక కార్డు దొరికింది. బిళ్ళ అంటించి పంపాను. నాది అందులో వేశాను. నాలుగు నెలల తర్వాత అది మా క్లబ్బుకు వచ్చింది. వెనక ఎవరో బాస్క్‌లో ఒక ముక్క రాశారు. ఐతోనా కళ్ళజోడు పెట్టుకుని చదివి చెప్పారు: "పైన వాన. మీ కార్డు తడవలేదు."

మీరు అటు వెళ్తుంటే ఏదో ఒక క్లబ్బులో చేరి ఫెడరేషన్ లైసెన్స్ తీసుకోండి, కొండ మీద ప్రమాదానికి బీమా అందులోనే వస్తుంది. అడుగు పట్టున్న బూట్లు కొనుక్కోండి, అక్కడి గడ్డి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. జేబులో నాలుగు కార్డులు, ఒక పెన్సిల్ పెట్టుకోండి. పెన్నుతో రాస్తే చెమ్మకు అక్షరాలు అలికేసినట్టు అవుతాయి.