పూసలు కుట్టి బతకొచ్చా?

ప్రశ్న: మాది రాయగడ. మా అమ్మాయి ఈ ఏడు ప్లస్ టూ ఆర్ట్స్ పాసయింది. నున్నటి రాళ్ల చుట్టూ చిన్న పూసలు కుట్టి లాకెట్లు చేస్తుంది. చైతి ఉత్సవంలో ఒకటి 350 రూపాయలకు అమ్ముడైంది. సామానుకు 190 పోయింది, కుట్టడానికి తొమ్మిది గంటలు పట్టింది. డిగ్రీ వద్దు, ఇదే చేస్తానంటోంది. వాళ్ల నాన్నగారికి ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, లెక్క మీరే రాసి పంపారు. తొమ్మిది గంటలకు మిగిలింది 160. గంటకు 18 రూపాయలు కూడా పడలేదు. ఈ మాట అమ్మాయికి కోప్పడి కాదు, పక్కన కూర్చుని కాగితం మీద వేసి చూపించండి. గంటకు 60 వేసుకుని, పని ఆరు గంటలకు దించగలిగితే లాకెట్ ధర 550 దగ్గర తేలుతుంది. దుకాణంలో పెడితే వాళ్ల వాటా వేరే. రాయగడలో ఆ ధరకు నెలకు ఎంతమంది కొంటారో మీకే బాగా తెలుసు.

మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. చెయ్యి మంచిదే, కుట్టు సమంగా ఉంది. కానీ ఆకుపచ్చ రాయి లాకెట్‌లో పై అంచు వదులుగా ఉంది, దారం కూడా కనిపిస్తోంది. చివరిదాకా 11 నంబరు పూసలే వాడినట్టుంది. ఈ పూసల్లో నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. 11 నంబరు సుమారు రెండు మిల్లీమీటర్లు, 15 నంబరు ఒకటిన్నర. ఆఖరి రెండు వరుసలు 15తో వేసి దారం లాగితే అంచు లోపలికి వంగి, రాయిని సంచి మూతిలా పట్టేస్తుంది. అప్పుడు వెనక జిగురు ఊడినా రాయి జారిపోదు. కొన్నవాళ్లు మళ్లీ రావాలంటే ఆ రెండు వరుసలే ముఖ్యం.

నా లెక్కలో అసలు చదువు రాళ్ల దగ్గరుంది. అడుగు చదునుగా, పైన పలకలు లేకుండా గుండ్రంగా ఉబ్బి ఉండే వీటిని కాబొషాన్ అంటారు. మన కెంపుల హారాల్లో పొదిగే ఎర్ర రాళ్లూ ఈ రకమే. వైడూర్యంలో పిల్లికన్ను గీత కనిపించాలన్నా ఇలాగే కొయ్యాలి. బజారులో టర్కాయిస్ అనే నీలిరాయి పేరుతో, రంగేసిన హౌలైట్ అనే తెల్లరాయిని తెగ అమ్ముతారు. గోల్డ్‌స్టోన్, ఓపలైట్ అనేవి రాళ్లే కావు, గాజు. ఒకసారి నేనూ ఒక మేళాలో నీలి రాయి ఉంగరం కొని, నెల తిరక్కముందే వేలికి రంగు పూసుకుని తిరిగాను! నెయిల్ పాలిష్ రిమూవర్‌లో దూది ముంచి రాయి అడుగున రుద్దితే చాలాసార్లు గుట్టు బయటపడుతుంది. గాజును గాజని చెప్పి అమ్మితే తప్పేం లేదు.

ఇంకొకటి. మీ దగ్గర్లోని చాటికోన సంతలో డోంగ్రియా కొంధ్ అనే గిరిజన తెగ ఆడవాళ్ల పూసలు చూసి నేర్చుకోవచ్చు. తన సరుకుకు మాత్రం వాళ్ల పేరు పెట్టొద్దు. వాళ్లు కుట్టే కప్డాగండా శాలువాకు 2024లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లేలా చట్టం ఇచ్చే గుర్తింపు, వచ్చింది. ఆ పేరు వాళ్ల సొంతం.

డిగ్రీ మానొద్దు. ఊళ్లోనే కాలేజీలో చేరి, కుదిరితే కామర్స్ తీసుకోమనండి, ఈ పనికి అదే ఎక్కువ ఉపయోగం. బొమ్మ గీసే అలవాటుంటే, ఫ్యాషన్ డిజైన్ చదువులు చెప్పే నిఫ్ట్ ప్రవేశ పరీక్ష రాయొచ్చు. ప్లస్ టూ ఏ గ్రూపైనా ఫర్వాలేదు, యాక్సెసరీ డిజైన్ అనే కోర్సు ఈ దారికి దగ్గర. ఫీజు మాత్రం బరువే, ముందే చూసుకోండి. రాళ్ల మీదే మనసుంటే జైపూర్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జెమ్స్ అండ్ జ్యువెలరీ ఉంది. మీ ఒడిశాలోనే కలహండి, బలంగీర్ నేలలో రత్నాలు దొరుకుతాయి గానీ, రంగురాళ్ల కోత వ్యాపారానికి పెద్ద కేంద్రం జైపూరే.

చేతివృత్తుల వాళ్లకిచ్చే పీఎం విశ్వకర్మ రుణం వస్తుందని ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి. 2023లో మొదలైన ఆ పథకంలోని 18 వృత్తుల్లో స్వర్ణకారులున్నారు, పూలదండలు కట్టేవాళ్లున్నారు, పూసల నగలు మాత్రం లేవు. కేంద్ర హస్తకళల కమిషనర్ కార్యాలయం చేతిపని వాళ్లకు గుర్తింపుగా ఇచ్చే పెహచాన్ కార్డుకు ప్రయత్నించండి, మేళాల్లో స్టాల్ అడగడానికి పనికొస్తుంది. అప్పు చేసి పూసలు మాత్రం కొనొద్దు.

ఈ నెలలో ఒక్క పని చేయించండి. ఒకే రాయి, ఒకే డిజైన్, ఐదు లాకెట్లు. ఒక్కోటి మొదలుపెట్టిన టైమూ, ముగించిన టైమూ నోటుబుక్కులో రాయాలి. ఐదోది ఎన్ని గంటల్లో అయిందో, అప్పటికీ తనకు విసుగు రాలేదో వచ్చిందో, అమ్మాయి చేతే నాకు రాయించండి.